తుపాకీ కొట్టు ముందు నా కుడి చెప్పు

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. అంటే అరవై మూడేళ్ళవాణ్ణి. నవ్వకండి. కుర్రతనం మన వయసును బట్టి కాదు, పక్కవాళ్ళ వయసును బట్టి ఉంటుందని న్యూజీలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లోని మా రైఫిల్ క్లబ్బులో చేరాకే నాకు తెలిసింది. అక్కడ నా తర్వాత చిన్నవాడికి డెబ్బై ఒకటి. కెప్టెన్‌కి ఎనభై దాటాయి. నేను చేరిన రోజునే అందరూ నన్ను ‘యంగ్ ఫెలా’ అని పిలవడం మొదలుపెట్టారు. బల్లలు మోయడం, టార్గెట్ కాగితాలు అంటించడం, టీ కప్పులు కడగడం కుర్రవాళ్ళ పనులు కనుక అవన్నీ నాకే వచ్చాయి. ఏలూరులో చిన్నప్పుడు నన్నెవరూ ఏ ఆటకీ పిలిచిన పాపాన పోలేదు (సోడాబుడ్డి కళ్ళజోడు, పైగా లెక్కల మాస్టారి మేనల్లుణ్ణి). అందుకని ఆలస్యంగా వచ్చిన ఈ కుర్రతనాన్ని శ్రద్ధగా, పూటపూటకీ డైరీలో రాసుకుంటూ అనుభవించాను. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ డైరీలోంచి తీసిందే. కాబట్టి ఇందులో అతిశయోక్తి లేదు. ఉన్నట్టు అనిపిస్తే ఆ తప్పు ఆ రోజుది, నాది కాదు.

నేను ఇక్కడి కాలేజీ స్టోర్స్‌లో పాతికేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నా హయాంలో మార్కర్ పెన్ను గానీ, బల్బు గానీ, టాయిలెట్ కాగితం గానీ ఒక్కరోజు కూడా నిండుకోలేదు. అటువంటి నాకు రిటైరయ్యాక ప్రైమర్లు నిండుకున్నాయి. ప్రైమర్ అంటే ఏమిటో చెప్పాలి. మా క్లబ్బులో కొట్లో కొన్న తూటాలు కాల్చేవాణ్ణి హోటల్ నుంచి సాంబారు తెప్పించుకునే ఇల్లాలిని చూసినట్టు చూస్తారు. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాలు ఏరుకుని, ఇంటికి తెచ్చి, తోమి, మళ్ళీ ఎవరికి వారే నింపుకోవాలి. ఆ గొట్టం అడుగున పెసరబద్దంత టోపీ ఒకటి కూర్చుంటుంది. దెబ్బ దానికి తగిలితేనే లోపలి మందు అంటుకుంటుంది. అదే ప్రైమర్. అది లేకపోతే మిగిలినదంతా ఖరీదైన ఇత్తడి సామాను. (గరాజ్‌లో నేను బిగించుకున్న నింపుడు యంత్రాన్ని మా ఆవిడ ‘మీ జంతికల గొట్టం’ అనేది. చూడ్డానికి అలాగే ఉంటుంది, కాదనను.)

కోవిడ్ తర్వాత ఓడలు సరిగ్గా రాలేదు. వచ్చిన ఓడల్లో ప్రైమర్లు లేవు. ఎక్కడో ఒకటీ అరా పెట్టె ఉందని తెలిసేలోపే ధర మూడింతలై, మనం ఫోన్ చేసేలోపే అమ్ముడైపోయేది. మాకు దగ్గరలో ఉన్న తుపాకీ కొట్టు యజమానికి నేను ‘నో లక్’ అని పేరు పెట్టాను. ప్రతి మంగళవారం, శుక్రవారం సరిగ్గా పది దాటి అయిదు నిమిషాలకు ఫోన్ చేసేవాణ్ణి. ఆయన నా గొంతు వినగానే, నేను నమస్కారం చెప్పేలోపే, “నో లక్, మేట్” అనేవాడు. ఒకసారి మా ఆవిడ తన సెల్లులోంచి వేరే పని మీద పొరపాటున ఆ నంబరు నొక్కింది. తను “హలో” అన్నందుకే “నో లక్, మేట్” అన్నాడట. “పాపం, ఆయన సంసారం ఎలా నెట్టుకొస్తున్నాడో” అని ఆవిడ రెండు రోజులు బాధపడింది.

సరిగ్గా ఆ కరువులోనే కెప్టెన్ మా ఇంటికి వచ్చాడు. ఆయన గొర్రెల ఫారం నడిపి మానుకున్న మనిషి. ఆయన ట్రక్కు వెనక ఎప్పుడూ ఒక ముసలి కుక్క ఉండేది. అదీ గొర్రెలు కాసి రిటైరైనదే. ఆయన గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. “యంగ్ ఫెలా, శనివారం షీల్డు పోటీ. మన జట్టు నలుగురిలో ఒకడు తుంటి ఆపరేషన్‌కి వెళ్ళాడు. నువ్వు దిగాలి. నాకిదే ఆఖరి షీల్డు. కళ్ళు ఇక మాట వినడం లేదు.” పక్క ఊరి క్లబ్బుతో ఏటా జరిగే పోటీ అది. అరవై మూడేళ్ళలో నన్నొకరు వచ్చి ఆటకు పిలవడం అదే మొదలు. పోటీకి ఒక్కొక్కరికి ఇరవై రెండు తూటాలు కావాలి. నా దగ్గరున్న ప్రైమర్లు తొమ్మిది. ఆ మాట చెప్పేస్తే సరిపోయేది. కానీ స్టోర్‌కీపర్ నోటివెంట ‘నిండుకుంది’ అనే మాట ఎలా వస్తుంది? “ఏం ఫరవాలేదు, సరుకు ఉంది” అన్నాను. ఆయన కూడా, “నా దగ్గరా దండిగా ఉంది” అని, కుక్కను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే క్లబ్బులో ఇంకొకాయన్ని రహస్యంగా అడిగాను. “కావాలంటే మా కుక్కని అరువిస్తాను. ప్రైమర్లు మాత్రం అడక్కు” అన్నాడు.

శుక్రవారం దాకా ఆగలేక గురువారమే నో లక్‌కి ఫోన్ చేస్తే మొదటిసారి వేరే వాక్యం వినిపించింది. “రేపు కొంచెం సరుకు వస్తోంది, మేట్. పదింటికి తలుపు తీస్తాను. లైన్లో వచ్చిన వరస ప్రకారం మనిషికి ఒక్క పెట్టె.” ఆ మాటకి నా ఒంట్లో ఏలూరు లేచి కూర్చుంది. లైను! కిరసనాయిలు లైను, పంచదార లైను, సిమెంటు పర్మిట్టు లైను. ఈ దేశంలో ఇన్నేళ్ళుగా పనికిరాకుండా పడున్న నా అసలు చదువు అదే కదా.

శుక్రవారం ఉదయం ఏడూ నలభైకి కొట్టు ముందున్నాను. నేనే మొదటివాణ్ణి. దక్షిణ ధ్రువం నుంచి నేరుగా వచ్చినట్టు గాలి. కానీ ఎనిమిదిన్నరకి మా ఆవిడకి రక్తపరీక్ష ఉంది, కారు నడపాల్సింది నేను. ఏలూరులో అయితే ఇది అసలు సమస్యే కాదు. కారు డిక్కీలో ఉన్న నా తోలు చెప్పుల జత తీసి, కుడి చెప్పుని తలుపుకి ఎదురుగా, ముక్కు లోపలివైపుకి పెట్టాను. స్టోర్స్ అలవాటు కొద్దీ పేరు, వేళ, కావలసిన సరుకు రాసిన చీటీ ఒకటి దానికి కట్టి, ఇంటికి వెళ్ళాను.

“చెప్పు అక్కడ పెట్టి వచ్చారా?” అంది మా ఆవిడ కారులో. “ఏవండీ, ఇది ఏలూరు కాదు.”

“లైను ఎక్కడైనా లైనే.”

“వాళ్ళకి తెలియొద్దూ? మీ చెప్పు తీసి చెత్తబుట్టలో పారేస్తారు.”

“ఈ దేశంలో ఎవరూ ఎవరి వస్తువూ ముట్టుకోరు” అన్నాను గర్వంగా.

తొమ్మిదీ ఇరవైకి తిరిగి వెళితే పదముగ్గురు మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. వరస మొదట నా చెప్పు లేదు. ఈ ఊళ్ళో ఒక మంచి అలవాటు ఉంది. దారిలో ఎవరిదైనా చేతితొడుగో, పిల్లల బూటో పడి ఉంటే తీసి, పోగొట్టుకున్నవాళ్ళకి కనబడేలా దగ్గరలోని కంచె గుంజకి తగిలిస్తారు. నా చెప్పు అల్లంత దూరాన కంచె గుంజ మీద, చీటీ రెపరెపలాడుతూ, జెండాలా ఉంది. లైన్లో మొదట నిలబడ్డ గడ్డం ఆయన, “నీదా మేట్? పారేసుకున్నావని నేనే తగిలించాను” అన్నాడు, నేనిప్పుడు థాంక్స్ చెప్తానన్న ఆశతో.

“పారేసుకోలేదు. అది లైన్లో నిలబడింది” అన్నాను.

ఆయన చెప్పు వైపు చూశాడు, నా వైపు చూశాడు, వెనకాయన వైపు చూశాడు. ఎవరూ కోప్పడలేదు. అదే కష్టం. కోప్పడితే నేనూ అరిచేవాణ్ణి. పక్కనే డెయిరీ (ఇక్కడ మూలమీద చిల్లర కొట్టుని డెయిరీ అంటారు) నడిపే హైదరాబాదీ భాయ్ ఆ సమయానికి బోర్డు పెట్టడానికి బయటికి వచ్చాడు. నన్ను చూసి చేతులు చాపాడు.

“అంకుల్, మీరేనా! పొద్దుగాల గా చెప్పు జూసి అనుకున్న, ఇది మనోళ్ళ పనే అని. మా అమ్మీ రేషన్ షాపు కాడ గిట్లనే పెడుతుండె!” తర్వాత లైను వైపు తిరిగి, కోర్టులో చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పాడు. “అయ్యలారా, అది చెప్పు కాదు. అది ఆయనే.”

గడ్డం ఆయన “ఫెయిర్ ఇనఫ్” అని, స్వయంగా వెళ్ళి నా చెప్పు తెచ్చి మొదట్లో పెట్టి, ఒక అడుగు వెనక్కి జరిగాడు. తర్వాత అడిగాడు. “మరి చెప్పు నిలబడితే మనం ఎక్కడికైనా పోవచ్చా?”

“పోవచ్చు. చెప్పు ఉన్నంతసేపూ మనిషి ఉన్నట్టే. చెప్పు లేచిపోతే లైను లేచిపోయినట్టే” అని మా మేనమామ చెప్పిన ధర్మశాస్త్రం అంతా అప్పజెప్పాను.

“లోపల హీటర్ ఉన్నది, చీజ్ రోల్స్ వేడివేడిగున్నయి” అన్నాడు భాయ్. (ధర్మానికి వ్యాపారం ఎప్పుడూ తోడుంటుంది.)

అయిదు నిమిషాల్లో ఆ పదముగ్గురూ ఒక్కొక్క బూటు విప్పి లైన్లో పెట్టారు. ఎక్కువ గమ్‌బూట్లు, రెండు షూలు, ఆ చలిలో కూడా ఒక హవాయి చెప్పు. నా చెప్పు అప్పటికే లైన్లో ఉన్నా, మర్యాద కోసం నేనూ కుడి బూటు విప్పి కారులో పెట్టాను. అందరం ఒంటి మేజోడుతో కుంటుకుంటూ డెయిరీలోకి వెళ్ళాం. వెళ్ళేముందు నేను అలవాటు కొద్దీ డైరీ తీసి వరస రాసుకున్నాను. ‘1. నేను. 2. ఆకుపచ్చ గమ్‌బూటు, మడమ దగ్గర అతుకు (గడ్డం). 3. నల్ల గమ్‌బూటు, పేడ...’ అలా పద్నాలుగు.

చీజ్ రోల్ సగంలో ఉండగా తలుపు తెరుచుకుని కెప్టెన్ లోపలికి వచ్చాడు. ఆయన ఎడమకాలికి మేజోడు ఒక్కటే ఉంది. నా కుడికాలికీ అంతే. ఇద్దరం ఒకరి పాదం ఒకరు చూసుకున్నాం.

“యంగ్ ఫెలా, ఇక్కడేం చేస్తున్నావు?”

“చీజ్ రోల్ కోసం వచ్చాను. మీరు?”

“నేనూ చీజ్ రోల్‌కే” అన్నాడాయన, కిటికీలోంచి తన బూటు వైపు చూస్తూ. దండిగా ఉందన్న సరుకు ఆయన దగ్గరా లేదని నాకప్పుడు అర్థమైంది. నేను డైరీలో ‘15. కెప్టెన్’ అని రాసుకున్నాను.

అప్పుడే బయట ఎవరో, గొర్రెల కాపరి తన కుక్కకి వేసినట్టు, ఈల వేసినట్టయింది. అందరం కిటికీ దగ్గరికి పరిగెత్తాం. కెప్టెన్ కుక్క ట్రక్కులోంచి దిగింది. ఏళ్ళ తరబడి గొర్రెలు లేక ఉసూరుమంటున్న ప్రాణి. పదిహేను బూట్లు ఒకదానివెనక ఒకటి, కాపరి లేకుండా, దూరం దూరంగా నిలబడి ఉండటం అది చూసింది. ఎలా సహిస్తుంది? ఒక్కొక్కదాన్నీ మర్యాదగా నోట పట్టుకుని వెళ్ళి ట్రక్కు చక్రం దగ్గర మందగా చేర్చింది. మేం తేరుకుని మేజోళ్ళతో బయటికి ఉరికేసరికి, మంద పక్కన పడుకుని, పని చేసినవాడి తృప్తితో నా తోలు చెప్పు నములుతోంది. సరిగ్గా అదే సమయానికి నో లక్ తలుపు తీశాడు. ఎదురుగా లైను లేదు. పదిహేనుమంది పెద్దమనుషులు ఒంటికాలి మీద నిలబడి ఒక కుక్క చుట్టూ మూగి ఉన్నారు.

“పద్నాలుగు పెట్టెలే వచ్చాయి” అన్నాడు. “ముందు ఎవరు?”

ఎవరి వరస ఎవరికీ గుర్తులేదు. నా ధర్మశాస్త్రం ప్రకారం అయితే లైను మొత్తం లేచిపోయింది. అప్పుడు భాయ్ నా జేబు చూపించాడు. “అంకుల్ రాసుకున్నరు గదా! అంకుల్ అన్నీ రాస్తరు!”

అందరూ నావైపు తిరిగారు. డైరీ తెరిచాను. అందులో ఉన్నది తెలుగు. నేనేం చదివితే అదే వరస. పదిహేనుని ఆరుగానో, ఏడుగానో చదివితే అడిగేవాడు లేడు. కెప్టెన్ మాత్రం నేలచూపులు చూస్తున్నాడు. ఆయన ఆఖరి షీల్డు నా నాలుక చివర ఉంది. నిజం చెప్పాలంటే నాలుక కొంచెం అటు తిరిగింది కూడా. కానీ పాతికేళ్ళు స్టోర్స్ పుస్తకం రాసిన చెయ్యి లోపలినుంచి పట్టి లాగింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. లైసెన్సు కార్డు చూపించి మొదటి పెట్టె నేను తీసుకున్నాను. పద్నాలుగోది హవాయి చెప్పు ఆయనకి వెళ్ళింది. నో లక్ కెప్టెన్ వైపు చూసి, పాత వాక్యమే అన్నాడు.

కెప్టెన్ బూటు తొడుక్కుని, “చీజ్ రోల్ బాగుంది” అని ట్రక్కు వైపు నడిచాడు. నేను కుంటుకుంటూ వెనకాలే వెళ్ళి పెట్టె ఆయన ముందు పెట్టాను. అందులో వంద ఉంటాయి. “నాక్కూడా నిండుకుంది” అన్నాను. ఆ మాట నా జీవితంలో అదే మొదటిసారి పలకడం. అంత కష్టంగా ఏం లేదు. ఆయన తన లైసెన్సు కార్డు తీసి నాకు చూపించాడు (ప్రైమర్లు చేతులు మారాలంటే అది చూపించాలని ఇక్కడి రూలు, ఎంతైనా కెప్టెన్). “సగం సగం. నీ చెప్పు బాకీ నా కుక్కది” అన్నాడు.

షీల్డు సంగతి అడుగుతారేమో. కెప్టెన్ ఆ శనివారం, మాట వినని ఆ కళ్ళతోనే, ఇరవై ఏళ్ళవాడిలా కాల్చాడు. నేనూ బాగానే లాక్కొచ్చాను. ఆఖరి తూటా అయితే అచ్చంగా నడిమధ్యలో, కంపాస్ పెట్టి గుచ్చినట్టు తగిలింది. తగిలింది పక్కవాడి టార్గెట్‌కి. నాకు సున్నా. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. తల ఎత్తలేకపోయాను. కెప్టెన్ నా భుజం మీద చెయ్యి వేసి, “యంగ్ ఫెలా, ఈ రోజు మైదానంలో అందరికన్నా గొప్ప గురి నీదే. టార్గెట్టే మనది కాదంతే” అన్నాడు. ఆ వాక్యం డైరీలో రెండుసార్లు రాసి ఉంది. ఎందుకో తెలియదు.

ఇప్పుడు ప్రైమర్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతున్నాయి. ఎవరూ లైను కట్టరు. కెప్టెన్ వృద్ధాశ్రమంలో ఉన్నాడు. కుక్క లేదు. నేను శుక్రవారాలు వెళ్ళి వస్తుంటాను. ఆ రోజు అక్కడ పది గంటల టీతో చీజ్ రోల్స్ ఇస్తారు. పోయిన శుక్రవారం వెళ్ళేసరికి వంటగది కిటికీ ముందు ఎవరూ లేరు. ఒక్క ఉన్ని స్లిప్పరు మాత్రం, ముక్కు లోపలివైపుకి, ఒంటరిగా నిలబడి ఉంది. దానికో చీటీ, వంకర అక్షరాలతో పేరు, వేళ. కొత్తగా వచ్చిన నర్సమ్మ దాన్ని తీయబోతుంటే పాత నర్సమ్మ వారించింది. “ముట్టుకోకు. అది ఆయనే.”

నేను చుట్టూ చూసి, వంగి (ఈ మధ్య వంగడం అంత తేలిక కాదు), కుడి బూటు విప్పి ఆ స్లిప్పరు వెనకాల పెట్టాను. ఆ వరసలో ఇప్పటికీ నేనే కుర్రవాణ్ణి.