మేస్త్రీ అడగని ముచ్చట

నకిరేకల్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న ఇస్రాయేలు మేస్త్రీకి లోకంలో ఇంజన్ల మీద తప్ప దేని మీదా గౌరవం లేదు. మనుషులంటే ఆయనకు చీదర. లారీ డ్రైవర్లు ఎడ్లు లేని బండి తోలేవాళ్లు, బండ్ల యజమానులు అబద్ధాల పుట్టలు, పక్క ఊరి మెకానిక్కులు చెప్పులు కుట్టడానికి కూడా పనికిరానివాళ్లు. సికింద్రాబాదు మిలిటరీ వర్క్‌షాపులో తెల్లవాళ్ల బండ్ల కింద పడుకుని పని నేర్చినవాడు. అక్కడి నుంచి ఒక నియమం కూడా పట్టుకొచ్చాడు. బండికి ఏమైందని యజమానిని అడగడు.

"నోరున్నోడు అబద్ధమాడతడు. ఇంజనుకు నోరు లేదు, గందుకే నిజం చెప్తది" అనేవాడు. ఎవరైనా "మేస్త్రీ, పొద్దుగాల నుంచి బండి" అని మొదలుపెడితే చేతిలోని పానా ఎత్తి వాడి మూతికి ఎదురుగా పట్టేవాడు. వాడు నోరు మూసేవాడు. జనం చాటున తిట్టుకునేవాళ్లు, బండి ఆగితే మళ్లీ ఆ షెడ్డుకే తోసుకొచ్చేవాళ్లు. పని వచ్చినవాడి పొగరును లోకం భరిస్తుంది మరి.

ఆ షెడ్డుకే ఐలేశం తన కారు తెచ్చాడు. ఐలేశం గొల్లవాడు. పోలీసు యాక్షన్ తర్వాత ఊరి దొర పట్నం చేరితే, ఆయన గడీలో కోళ్లగూడుగా మారిన పాత విలాయతి కారును మంద మొత్తం అమ్మి కొన్నాడు. పెళ్లిళ్లకూ దవాఖానకూ కిరాయికి తిప్పి బతుకుదామని ఆశ. కిరాయికి తిప్పాలంటే నల్లగొండలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పాస్ చేయాలి. ఆయన ఇంజను స్టార్ట్ చేయించి, వెనక గొట్టం దగ్గర తెల్ల రుమాలు పట్టి చూశాడు. గొట్టంలో నుంచి వచ్చిన పొగకు రుమాలే కాదు, ఇన్‌స్పెక్టరే కనబడలేదు.

ఇస్రాయేలు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "కారెక్కినా గొర్రె తోక బెత్తెడే" అన్నాడు. ఐలేశం తలవంచుకుని, "మేస్త్రీ, ఇంటికాడ మా అమ్మ" అనబోయాడు. పానా లేచింది. ఐలేశం మాట మింగేశాడు.

పాత ఇంజనాయిలు దించేటప్పుడు మేస్త్రీ ముక్కుకు ఏదో వాసన తగిలింది. బాగా తెలిసిన వాసనే. 'గొల్లోళ్ల ఇంటి వాసన, నూనె రాసుకున్న తలల వాసన' అనుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు. పిస్టన్ రింగులు మార్చాడు, కార్బరేటర్ విప్పి కడిగాడు, కొత్త ఇంజనాయిలు పోశాడు. షెడ్డు ముందు కారు పొగ జాడ లేకుండా ఆడింది. నల్లగొండకు తాను పోలేదు. ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడడం తన స్థాయికి తక్కువ.

ఐలేశం ఏడుపు మొహంతో తిరిగొచ్చాడు. మళ్లీ అదే పొగ. మూడోసారీ ఇట్లాగే తెస్తే తుక్కు కింద రాసేస్తానని ఇన్‌స్పెక్టర్ చెప్పి పంపాడట.

మేస్త్రీ పెట్రోలును తిట్టాడు, ఐలేశం కాలును తిట్టాడు, ఇన్‌స్పెక్టర్ కళ్లను కూడా తిట్టాడు. చాయ్ హోటల్లో మాత్రం జనం నవ్వారు. ఇన్నాళ్లుగా పానా చూసి నోరు మూసుకున్నవాళ్లంతా ఆ నవ్వులో ఉన్నారు. ఇస్రాయేలుకు ఒళ్లు మండింది. అందరూ వినేటట్టు, "మూడోసారి పొగొస్తే గీ పానా మూసీల పారేసి కూలికి పోత" అన్నాడు. అన్నాక భయమేసింది. ఆ పానా తప్ప ఆయనకు వేరే బతుకు లేదు.

అందుకే మూడోసారి తానే వెంట వెళ్లాలనుకున్నాడు. ఇంజనంతా మళ్లీ విప్పి కడిగి, కారును ఐలేశంతో ఇంటికి పంపాడు. నల్లగొండ పోయే రోజు పొద్దున్నే మేస్త్రీ కిరసనాయిలు, ఆయిలు డబ్బాలు పట్టుకుని ఐలేశం వాళ్ల ఊరికి చేరాడు.

ఇంటి ముందు కారు కడిగి, పసుపు కుంకుమ పెట్టి ఉంది. ఐలేశం తల్లి గుర్వమ్మ చెంబుతో వచ్చింది. ఐలేశం ఎప్పటిలాగే బానెట్ ఎత్తి పట్టుకున్నాడు, ఆయిలు పోసే మూత విప్పాడు. ముసలమ్మ చెంబు వంచింది. చిక్కటి ఆముదం ఇంజనులోకి దిగింది. ఆ వాసన మేస్త్రీకి ఈసారి తల తిప్పుకునే వీలివ్వలేదు.

ఆ పల్లెల్లో ఆముదానికి కొదవ లేదు. తలకు అదే, దీపానికి అదే, బండి ఇరుసుకూ అదే. ఇరుసు తడపకుండా బండిని పొలిమేర దాటించరు. కారూ బండే కదా అని ముసలమ్మ ప్రతి ప్రయాణానికీ ముందు పోస్తూనే ఉంది. ఐలేశానికి అది కొబ్బరికాయ కొట్టడం లాంటిది. ఇంజనులో కాలి పొగై లేచింది ఆ ఆముదమే.

"ఎన్నడు సంది పోస్తున్నవే గిది?" అన్నాడు ఇస్రాయేలు.

"కొన్న నాటి సంది, కొడుకా. వీళ్ల బాపు ఎండిన ఇరుసు ఇరిగి బండి కిందనే పోయిండు. పొయ్యకుంట ఎట్ల పంపుత?"

మేస్త్రీ నోటి దాకా వచ్చిన తిట్టు ఎందుకో బయటికి రాలేదు. కారు కింద దూరి ఉన్నదంతా దించేశాడు. తెచ్చుకున్న కిరసనాయిలుతో కడిగి, డబ్బాలోని కొత్త ఆయిలు పోశాడు. గుర్వమ్మ అడ్డం నిలబడింది. ఆముదం లేకుండా కారు పోతే తానూ ఎక్కుతానని, ఏమైనా అయితే కొడుకుతో పాటే కావాలని పట్టుబట్టి వెనక సీట్లో కూర్చుంది. దారి పొడుగునా ముందు సీటు గట్టిగా పట్టుకునే ఉంది.

నల్లగొండలో ఇన్‌స్పెక్టర్ రుమాలు పట్టాడు. రుమాలు తెల్లగానే ఉంది. ఐలేశం కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం చేసినవ్ మేస్త్రీ? ఏముండె దీంట్ల?" అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

ఇస్రాయేలు నిటారుగా నిలబడ్డాడు. "రింగులు పోయినయి సార్. మళ్ల మార్చిన" అన్నాడు.

వెనక సీట్లో నుంచి గుర్వమ్మ అంతా విన్నది. కారు నల్లగొండ దాటాక మెల్లగా ముందుకు వంగింది.

"నోరున్నోడు అబద్ధమాడతడని నువ్వే అంటవట గద, బిడ్డా. ఆ మాట నిజమే చెప్పినవు."

పానా ఇస్రాయేలు చేతిలోనే ఉంది. ఎత్తలేదు.