కయత్తారు దారిలో డిక్కీ తట్టిందెవరు

ముందే చెప్తున్నా... ఇది కల్పించి చెప్పేది కాదు. నాకు అబద్ధం చెప్పడం వచ్చుంటే మా అత్త దగ్గర ఇన్నేళ్ళు ఇన్ని మాటలు పడేదాన్నే కాదు. దయ్యం కతలు చెప్పేవాళ్ళను చూస్తే నాకే నవ్వొస్తుంది. మీరూ నవ్వండి, నాకేం. కడదాకా విని నవ్వండి.

మాది కోవిల్‌పట్టి. అంటే మెట్టినిల్లు. పుట్టింది అరుప్పుకోట్టైలో, మగ్గాల ఇంట్లో. కరెంటు మగ్గాలు. లేస్తే సద్దు, పడుకుంటే సద్దు. అంత సద్దులోనూ ఏ మగ్గం గతి తప్పిందో మా నాయన కూడు తింటూ కూర్చున్న చోటి నుంచే చెప్పేవాడు. ఆ చెవులే నాకొచ్చినాయి. ఇదెందుకు చెప్తున్నానంటే, ఆ రాత్రి నేను కారు డిక్కీలో ఎందుకు పడుకున్నానో మీకు తెలియాల.

డిక్కీలోనా అని నోరు తెరవొద్దు. చెప్తా.

మా ఇంటాయనకు ఒక చిన్న కారుంది. మా చేని దారి రేగడి నేల. వాన పడితే బండి కడుపు బురదకు తగులుకుంటుంది. దానికని మదురైలో ఒక అంగట్లో ఎత్తు స్ప్రింగులు, కొత్త షాక్ అబ్సార్బర్లు వేయించుకొని వచ్చె. కంపెనీవి కాదు, బయటివి. బండి ఎత్తయింది. ఆయన మీసం కూడా రవంత ఎత్తయింది. అంతా బాగుంది... సద్దొకటి తప్ప.

టక్... టక్ టక్. ఎనక నుంచి. పెద్ద గుంతలో దిగితే రాదు. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే రాదు. చిన్న చిన్న గతుకుల మీద మెల్లిగా పోతే మాత్రం, డబ్బాలో చింతగింజలు వేసి ఆడించినట్టు వస్తుంది.

మా వీధి చివర సెల్వం అని మెకానిక్ ఉన్నాడు. లిఫ్టు మీద ఎత్తి చూసె. కడ్డీ పెట్టి అన్నీ కదిలించి చూసె. స్టెప్నీ తీసి చూసె, జాకీ తీసి చూసె, సైలెన్సరు పట్టుకొని ఊపి చూసె. "ఒన్నుమిల్లక్కా" అనె. ఏమీ లేదంట. కొత్త స్ప్రింగులు కదా, నాలుగు నాళ్ళు తిరిగితే కుదురుకుంటాయంట. పైకెత్తితే గమ్మున ఉంటుంది, దించి తోలితే మళ్ళీ టక్ టక్. మా పక్కింటి పిల్లోడు జ్వరమని బడికి పోనంటాడే, డాక్టరు దగ్గరికి పోతే మాత్రం జ్వరం ఉండదు, అట్ల.

తొందరేమంటే, మా ఆడబిడ్డ కవిత. విరుదునగర్లో ఇచ్చినాం. మొదటి కడుపు నిలవలేదు. ఐదో నెలలో పోయింది. అది ఎంత ఏడ్చిందో, మా అత్త ఎన్ని గుళ్ళు తిరిగిందో... ఇప్పుడవన్నీ వద్దు. ఇది రెండోది. తొమ్మిదో నెల. మర్నాడు పొద్దున మేం విరుదునగర్ పోయి, దానికి గాజులు తొడిగి, పుట్టింటికి తీసుకొని రావాల. చెల్లెల్ని కాన్పుకు తన కారులోనే తీసుకొస్తానని మా ఆయన ఊరంతా చెప్పి పెట్టినాడు.

మా అత్త ఒప్పుకోలేదు. "ఆ సద్దు బండిలో నా బిడ్డను ఎక్కించను. బాడుగబండి పిలువు" అని తేల్చి చెప్పె. ఆయన మొగం చిన్నబోయె. నాకు రోసం వచ్చె.

"మావా, ఈ రాత్రే కనిపెడదాం. నువ్వు తోలు. నేను డిక్కీలో పడుకొని వింటా" అంటి.

"పిచ్చి పట్టిందా నీకు?"

"సీట్లో కూర్చుంటే సద్దు నాలుగు దిక్కుల నుంచీ వస్తుంది. చక్రం పక్కనే చెవి పెడితే ఏ పక్కదో తెలుస్తుంది. మగ్గం చెడితే వాకిట్లో నిలబడి వింటారా, కింద దూరి వింటారా?"

"మగ్గం నిన్ను మోసుకొని పరిగెత్తదు కదే" అనె. అన్నా కూడా తాళం తీసుకొనె.

పగలు లారీల మోతలో ఏమీ వినబడదు. కూడు తిన్న తర్వాత బయలుదేరితిమి. కయత్తారు పక్క హైవే దిగితే గాలిమరల నడుమ ఒక తారు రోడ్డు పోతుంది. అంతా గతుకులే. ఇల్లు లేదు, అంగడి లేదు. గాలిమరల మీద ఎర్ర దీపాలు వెలిగి ఆరుతా ఉన్నాయి. రెక్కలు తిరిగే సద్దు... హూష్... హూష్... అంతే.

ఎక్కేముందు చేతిగాజులు తీసేస్తిని. గాజుగాజులు, వినేటప్పుడు అడ్డం కదా. ఆయన చేతిరుమాల్లో మూటగట్టి, ముడేసి, ఆయన చొక్కా జేబులో పెడితిని. "రాత్రిపూట బోసి చేతులా? అమ్మ చూస్తే నిన్ను కాదు, నన్ను తంతుంది" అనె ఆయన. ఈ గాజుల సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి.

గుర్తులు చెప్పుకొంటిమి. సీటు ఎనక చెక్క మీద ఒకసారి తడితే సద్దు ఎడమ పక్క. రెండుసార్లు తడితే కుడి పక్క. మూడుసార్లు తడితే... ఆపు. ఎక్కడుంటే అక్కడే ఆపు.

డిక్కీ మూసె. కటిక చీకటి. రబ్బరు వాసన. మోకాళ్ళు గడ్డానికి తగులుతా ఉన్నాయి. ఎడమ చెవి రేకుకు ఆనించి పడుకొంటిని. భయం లేదు. నిజంగా లేదు. నడుం నొప్పి మాత్రం ఉంది.

బండి కదిలె. మెల్లిగా... మెల్లిగా. టైరు కింద రాళ్ళు నలిగే సద్దు వేరు. పెట్రోలు ట్యాంకులో తొణికే సద్దు వేరు. అన్నీ ఒక్కొక్కటే పక్కన పెడితిని. అప్పుడు వచ్చె. టక్... టక్ టక్. నా చెవి కిందనే. ఇనుము ఇనుముకు తగిలే సద్దు. ఎడమ పక్క. సందేహమే లేదు. ఒకసారి తడితిని. ముందర నుంచి "విన్నా, విన్నా" అని ఆయన అరిచె. నాకెంత సంతోషమో. మా నాయన చూసుంటే బాగుండు అనిపించె.

బండి తిప్పి, ఇంకొకసారి అదే దారిలో వస్తిమి. టక్... టక్ టక్... టక్. ఎడమే. ఇంకొకసారి తిప్పె. ఈసారి చెవి పెడితే...

లేదు.

ఏమీ లేదు. గతుకులు తగులుతానే ఉన్నాయి. నా తల రేకుకు కొట్టుకుంటానే ఉంది. సద్దు మాత్రం లేదు. ఊపిరి బిగబట్టి వింటి. లేదు. ముందర నుంచి ఆయన గొంతు... "ఏమే, సద్దు ఆగిపోయింది! సెల్వం చెప్పినట్టు కుదురుకున్నట్టుంది. హైవే ఎక్కి ఒక దౌడు తోలి చూస్తా, గట్టిగా పట్టుకో!"

నాకు మనసొప్పలేదు. మోగతా మోగతా ఉన్న మగ్గం ఉన్నట్టుండి గమ్మునైతే మా నాయన కూడు వదిలేసి లేచేవాడు. ఆపమని అరిచేలోపే ఇంజను మోత ఎక్కువాయె. నా అరుపు నాకే వినబడలేదు. తట్టుదామని చెయ్యి ఎత్తబోతే... చెయ్యి నా ఒంటి కింద ఇరుక్కోనుంది. తిమ్మిరెక్కి, కదల్లేదు.

అప్పుడు...

టక్.

కింద నుంచి కాదు. ఇనుము సద్దు కాదు. నా తల పైన. సీటు ఎనక చెక్క మీద. వేళ్ళ కణుపులతో తట్టినట్టు... మెత్తగా.

టక్.

చీకట్లో కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. నా మొగానికి జానెడు దూరం. ఎవరో ఊపిరి పీల్చినట్టు ఉండె... లేక అది నా ఊపిరేనో. తెలియదు. ఇప్పటికీ తెలియదు.

టక్.

హైవే ఎక్కకముందే బండి ఆగె. ఆగిన ఊపుకు నేను పోయి సీటుకు కొట్టుకొంటిని. ఆయన పరిగెత్తుకొని వచ్చి డిక్కీ తీసె. సెల్‌ఫోను వెలుగు కళ్ళలో కొట్టె.

"ఏమైంది? దెబ్బ తగిలిందా?"

"నువ్వెందుకు ఆపితివి?"

"నువ్వే కదా మూడుసార్లు తడితివి!"

"నేను తట్టలేదు మావా. చెయ్యి కిందుండె. తట్టలేదు."

ఆయన నవ్వె. ఆటలాడతా ఉన్నాననుకున్నాడు. "బాగా వినబడిందే. టక్ టక్ టక్ అని. నీ గాజుల సద్దుతో సహా వింటిని."

నేను రెండు చేతులూ వెలుగులోకి చాపితిని. బోసి చేతులు. ఆయన చూసె. మెల్లిగా తన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయె. రుమాలు అక్కడే ఉంది. తీసి చూస్తే ముడి వేసింది వేసినట్టే ఉంది. పైన గాలిమర రెక్క తిరుగుతా ఉంది. హూష్... హూష్...

ముందు తేరుకున్నది నేనే. "ఎవరన్నా తట్టనీ. ఆ ఎడమ చక్రం చూడు ముందు" అంటి. ఆయన రోడ్డు మీద పడుకొని వెలుగు కొట్టె. తర్వాత, "ఒసే, ఇట్రా" అనె.

షాక్ అబ్సార్బరు కింది కొసను పట్టుకొనే బోల్టు ఉంటుంది కదా. దాని నట్టు ఊడి ఎక్కడో పడిపోయింది. బోల్టు సగానికి పైగా బయటికి జారి, అడ్డంగా ఇరుక్కోనుంది. అట్ల ఇరుక్కున్నందుకే సద్దు ఆగింది. కుదురుకోనూ లేదు, మన్నూ లేదు.

సెల్వానికి ఫోను చేస్తిమి. పాపం, నిద్ర కళ్ళతో కొత్త నట్టు తీసుకొని బైకు మీద వచ్చె. చూసి తల పట్టుకొనె. ఎత్తు స్ప్రింగు వేసిన బండికి ఈ బోల్టు ఊడితే, చక్రం వేలాడిన చోట స్ప్రింగు తన గుంతలో నుంచి దుమికేస్తుందంట. హైవే మీద వేగంలో అయ్యుంటే బండి పల్టీనే అన్నాడు. ఆ అంగటివాళ్ళు పాత నట్టునే మళ్ళీ బిగించి పంపినట్టుంది. లిఫ్టు మీద ఎందుకు దొరకలేదంటే, పైకెత్తినప్పుడు చక్రం బరువుకు అది సాగి బిగుసుకొని ఉంటుందంట. బండి బరువు దాని మీద ఉన్నప్పుడే ఆడుతుంది. "దించి చూసుండాల అక్కా" అని వాడే బాధపడె. చక్రం నేల మీద ఉంచే బిగించె. ఆ గతుకుల మీదే మూడుసార్లు తోలి చూస్తిమి. సద్దు లేదు.

తట్టిన సంగతి చెప్తే సెల్వం తల గోక్కొనె. బోల్టు జారేటప్పుడు తట్టి ఉంటుందక్కా అనె. ఉండొచ్చు. కానీ బోల్టు కిందుంది, తట్టింది పైన. మరి గాజులు? మా ఆయనేమో జేబులోవే మోగి ఉంటాయంటాడు. ముడేసిన రుమాల్లో గాజులు ఇంజను మోతను మించి మోగుతాయా?

తిరిగి వచ్చేటప్పుడు నేను ముందు సీట్లో కూర్చొంటిని. మధ్య దారిలో ఏడుపొచ్చె. భయానికి కాదు. రేపు ఆ ఎనక సీట్లో కవిత కూర్చొని ఉండేది. అది తలుచుకొని ఏడిస్తిని. ఆయన ఒక చేత్తో బండి తోలతా ఇంకొక చేత్తో నా గాజులు నాకిచ్చె.

మా అత్తకు అంతా చెప్తిమి. దాచలేదు. తిడుతుందనుకొంటి. ఆమె కారు దగ్గరికి పోయె. డిక్కీ మీద చెయ్యి పెట్టె. "ఎవరైతే ఏమి, మన బిడ్డ మేలు కోరినవాళ్ళే" అనె. పొద్దున ఆమే ముందు ఎక్కి కూర్చొనె.

విరుదునగర్లో గాజుల పండగ బాగా జరిగె. మా వాళ్ళల్లో కడుపుతో ఉన్న పిల్లకు తొడిగిన తర్వాత, వచ్చిన ఆడవాళ్ళందరికీ తలా ఒక జత గాజులు ఇస్తారు. ఒట్టి చేతులతో ఎవరినీ పంపకూడదు. పంచింది నేనే. అందరికీ ఇచ్చి, ఒక జత ఎక్కువ తీసి పెట్టుకొంటిని. కవిత చూసి, "ఎవరికి వదినా?" అనె. "మనతో ఇంకొకరు వచ్చినారులే" అంటి. మా అత్త నా పక్క చూసి, తలకాయ ఊపె.

కవితను ఆ బండిలోనే తెచ్చుకొంటిమి. సాత్తూరు దాటినాక అది నా భుజం మీద తల పెట్టి నిద్రపోయె. సద్దులేని బండిలో దాని గురక నాకు ఎంత హాయిగా ఉండెనో చెప్పలేను. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. ఆ పిల్ల ఇప్పుడు ఆ ఎనక సీట్లోనే నిలబడి గంతులేస్తుంది.

ఆ గాజుల జత డిక్కీలోనే ఉంది. స్టెప్నీ పక్కన, ఊరికే పెట్టినాను. గుడ్డలో చుట్టలేదు. గాజులు కదా, గతుకు వస్తే మోగాల. ఇంతవరకూ ఒక్కసారి కూడా మోగలేదు. ఎవరి చేతికైనా ఎక్కినాయేమో తెరిచి చూద్దామంటాడు మా ఆయన. నేనే వద్దన్నాను.