గాజులు తొడిగే పట్టు

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదిలో తమ్ముడి చెయ్యి పట్టుకోగలిగింది ఒక్క నాయనమ్మే. అమ్మ ప్రేమగా చెంప నిమిరినా వాడు కెవ్వుమని అరిచి మంచం కిందికి దూరేవాడు. ఆరేళ్లు దాటినా మాట రాలేదు. ఆటిజం అనే మాట అప్పటికి మా గల్లీలో ఎవరూ వినలేదు. దిష్టి తగిలిందని కొందరు, మొండితనమని కొందరు తలా ఒక వైద్యం చెప్పి, మా ఇంట్లో చాయ్ తాగి వెళ్లేవారు.

హైదరాబాదు పాతబస్తీలోని శాలిబండలో మాకు చిన్న గాజుల దుకాణం ఉండేది. తొడగడంలో నాయనమ్మకు మంచి పేరు. ఎవరి చెయ్యీ ఆమె తనంతట తాను అందుకునేది కాదు. తన అరచెయ్యి చాచి ఊరుకునేది. వచ్చినామె చెయ్యి ఇచ్చాక, బొటనవేలు లోపలికి మడిచి, వేళ్ల కణుపులు దగ్గరికి నొక్కి, గట్టిగా, నిదానంగా గాజు ఎక్కించేది. పట్టు మెత్తబడితే గాజు చిట్లి చెయ్యి కోసుకుంటుంది. గిరాకీ లేని వేళ తమ్ముడు వచ్చి ఆమె ముందు చెయ్యి పెట్టేవాడు. గాజు లేకుండానే ఆమె ఆ చేతిని అలాగే నొక్కేది. వాడి కళ్లు సగం మూతపడేవి. మనవడి మీద ముద్దు అనుకుని మేమెవరం దాన్ని పట్టించుకోలేదు.

బడిలో మాత్రం వాడితో కష్టంగా ఉండేది. గంట మోగినా, పిల్లలంతా ఒక్కసారిగా ఎక్కాలు చదివినా, చెవులు మూసుకుని బయటికి పరుగెత్తేవాడు. బయటేమో బస్సులు తిరిగే రోడ్డు. నేనూ వాడూ ఒకే గదిలో కూర్చునేవాళ్లం, రెండు తరగతులకూ ఒకే టీచరమ్మ. బోనాలు దగ్గరపడిన ఒక సాయంత్రం ఆమె మా దుకాణానికి వచ్చింది.

"గాజులకు రాలేదమ్మా," అంది తల వంచుకుని. "బాబును ఇంట్లనే ఉంచుకోమంటున్నడు పెద్దసారు. రేపొక్క రోజు చూస్తనన్నడు."

అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. బడి మానితే వాడి బతుకు ఆ ఇరుకు ఇంట్లోనే తెల్లారిపోతుందని ఆమె భయం. నాకు ఏడుపు ఆగలేదు.

"పండుగకు ఉత్త చేతులతోని పోతవా బిడ్డా? కూసో," అని నాయనమ్మ అరచెయ్యి చాచింది. టీచరమ్మ కాదనలేక కూర్చుంది. పచ్చగాజులు ఎక్కుతుండగా తమ్ముడు వచ్చి, తన వంతు కోసం అన్నట్టు పక్కనే చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. నాయనమ్మ వాడి చేతిని అందుకుని నొక్కుతుంటే టీచరమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. తాను వీపు నిమిరితే విదిలించుకుని పారిపోయే పిల్లవాడు వీడేనా అని!

"నాకు గూడ నేర్పమ్మా," అంది.

"నేర్పేదేముంది బిడ్డా? నువ్వు గుంజకు, వాడే ఇయ్యాలె. ఇచ్చినంక గట్టిగ పట్టాలె. వద్దని చెయ్యి ఎనకకు తీసుకుంటే ఇడిశిపెట్టాలె."

టీచరమ్మ ఆ పట్టును నా చేతి మీద నేర్చుకుంది. వేళ్లు కందిపోయినా నేను కిక్కురుమనలేదు.

మరునాడు పాఠం మధ్యలో బడి ముందుకు డప్పులు వచ్చాయి. తమ్ముడు చెవులు మూసుకుని లేచాడు. పెద్దసారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. టీచరమ్మ వాడిని పట్టుకోలేదు. వాడికి కాస్త దూరంలో నేల మీద కూర్చుని అరచెయ్యి చాచింది. వాడు తలుపు వైపు చూశాడు, ఆ చేతిని చూశాడు. వాడు నెమ్మదిగా వచ్చి చెయ్యి ఇచ్చాడు. ఆమె బొటనవేలు మడిచి నొక్కసాగింది. బయట డప్పులు దద్దరిల్లుతూనే ఉన్నాయి. వాడు కదల్లేదు.

అప్పుడు టీచరమ్మ తలెత్తి పెద్దసారును చూసింది. ఆయన ఏమంటాడోనని ఆమె చెయ్యి వణికింది, గాజులు గలగలమన్నాయి. తమ్ముడు తన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అయిపోయింది అనుకున్నాను.

వాడు తన అరచేతిని ఆమె ముందు చాచాడు. చాచి ఊరుకున్నాడు.

ఆమె కళ్లు నిండిపోయాయి. చెయ్యి ఇచ్చింది. మా తమ్ముడు ఆ పెద్ద చేతి బొటనవేలు లోపలికి మడిచి, కణుపులు దగ్గరికి చేర్చి, అచ్చం నాయనమ్మలాగే నొక్కడం మొదలుపెట్టాడు. పెద్దసారు కాసేపు చూసి లోపలికి వచ్చి, రోడ్డు వైపు కిటికీలు తానే ఒక్కొక్కటిగా మూశాడు. ఇంట్లో ఉంచుకోమన్న మాట మళ్లీ ఎత్తలేదు.

తమ్ముడు ఆ బడిలోనే చదివాడు. మాటలు మాత్రం కొద్దిగానే వచ్చాయి. ఇప్పుడు ఇలాంటి పిల్లలకు నేర్పేవాళ్లు ఉన్నారు, పద్ధతులు ఉన్నాయి. ఒక్కో బిడ్డది ఒక్కో తీరు కాబట్టి, మావాడికి హాయినిచ్చిన పట్టు ఇంకొకరికి గిట్టకపోవచ్చు కూడా. కానీ టీచరమ్మ లోపలి భయం ఆ వయసులో వాడికి ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అందుకే మాట రాని పిల్లలు ఎదురైనప్పుడు నేను ఏమీ అడగను. చెయ్యి చాచి కూర్చుంటాను, వాళ్లు నాకేమిస్తారోనని.