మా తాత బాగుచేసిన కుంటి కుర్చీ

మా తాత చేతిలో పడితే ఏ కుర్చీ అయినా లేచి నిలబడాల్సిందే. విరిగిన కాళ్లు, ఊడిన చేతులు, చిల్లులు పడిన బెత్తం సీట్లు, అన్నీ మా ఇంటి వెనక షెడ్డుకే వచ్చేవి. ఆయన మాత్రం ఒక్కచోట కుదురుగా కూర్చోలేడు. కుర్చీల డాక్టరుకి కూర్చోవడం ఒక్కటే చేతకాదని నానమ్మ ఎగతాళి చేసేది. ఎనిమిదో తరగతిలో చదువుకి దండం పెట్టేసి నేనూ ఆయన దగ్గరే బెత్తం అల్లుతున్నాను. ఆయన పనితనం గురించీ, బద్ధకం గురించీ నాకంటే బాగా తెలిసింది నానమ్మ ఒక్కదానికే.

ఆ షెడ్డులో ఒక కుర్చీకి ఒక వెనక కాలు రెండు వేళ్లంత పొట్టి. ఎవరో బాగుచేయమని ఇచ్చి, మళ్లీ ఇటు మొహం చూపించలేదు. నాకు ఊహ తెలియకముందు, సాయంత్రం పని కట్టేసి రంపపు పొట్టు ఊడ్చాక, వీధిలోని కుర్రకారంతా అక్కడ చేరేవారట. మా మతం వాళ్లూ వచ్చేవారు, ఎదుటి వరుసలో ఉండే వేరే మతం వాళ్లూ వచ్చేవారు. మొదట్లో క్యారమ్స్ కోసం, పోనుపోను వీధి తగువులు తేల్చుకోవడం కోసం. తాత పెట్టిన రూలు ఒక్కటే. ఆఖర్న వచ్చినవాళ్లకి కుంటి కుర్చీ. అందులో కూర్చున్నవాళ్లే ఆ పూటకి పెద్ద. ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరు నోరు మూసుకోవాలో, ఎవరు చీపురు పట్టాలో వాళ్లే చెప్పాలి.

"వెనక్కి వాలితే పడతారు. పెద్దరికం చేసేవాళ్లకి అలాంటి కుర్చీయే ఉండాలి" అనేవాడట తాత. ఈ మాట ఆయన బుర్ర పెట్టి ఆలోచించాడంటే నేను నమ్మను. కాలు అతికించడానికి బద్ధకించి, తర్వాత తీరిగ్గా కారణం వెతుక్కుని ఉంటాడు.

అందరికీ అది శిక్ష. ఎదురింటి ప్లంబరు కూతురికి మాత్రం కాదు. ఆ పిల్ల కావాలనే ఆలస్యంగా వచ్చేది. అందరూ లోపలికి వెళ్లేదాకా గోడ చాటున నిలబడి, అప్పుడు ఏమీ ఎరగనట్టు వచ్చి కుంటి కుర్చీ లాక్కునేది. దాంతో అందరికీ లేటమ్మ అయిపోయింది. లేటమ్మ నాన్నా మా తాతా ఒకే బీడీ సగం సగం కాల్చుకునేంత స్నేహితులు. మతాలు వేరు, అగ్గిపెట్టె ఒకటి.

ఒకసారి వీధి కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకునేదాకా వచ్చింది వ్యవహారం. పెద్దవాళ్ల వల్ల కాలేదు. లేటమ్మ కుంటి కుర్చీలో ముందుకి వంగి కూర్చుని, రెండు వరుసల ఇళ్లకీ వంతులు వేసింది. మా వరుస పిల్లల్ని ఎదుటి వరుసకీ, ఎదుటి వరుస వాళ్లని మా వరుసకీ కాపలా పెట్టింది. పరాయి వరుసలో ఎవరూ దొంగ వంతు ఇవ్వరు కదా. మర్నాటినుంచి కుళాయి దగ్గర నీళ్ల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదని నానమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అలాంటి రోజుల్లో ప్రభుత్వం ఒక పథకం తెచ్చింది. మా మతం యువతకి నాయకత్వ శిక్షణ. ఏడాది పాటు శిక్షకుడు, మైకు, కొత్త కుర్చీలు, టీ ఖర్చు, అన్నీ వాళ్లవే. మా ప్రార్థనా మందిరం పెద్దలు తాత షెడ్డు పేరు చెప్పారు. తాత ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అందులో ఆయన్ని తప్పు పట్టలేం. మా వాళ్లలో ఆఫీసు మెట్లెక్కి గొంతు విప్పినవాళ్లు అప్పటికి లేరు. చేతులు కట్టుకుని బయట నిలబడ్డవాళ్లే అందరూ, తాతతో సహా.

షెడ్డు చూడ్డానికి వచ్చిన అధికారిని తాత ఒక్కమాట అడిగాడట, ఎదురింటి అమ్మాయిని కూడా కలుపుకోవచ్చా అని. ఆయన మంచివాడే. ఆ నిధులు మీ పిల్లల కోసమే కేటాయించారు పెద్దాయనా, మిగతావాళ్లకి వేరే పథకాలున్నాయి, అక్కడ అడగమనండి అన్నాడు. తాత తలూపాడు. ఆ సంగతి లేటమ్మకి చెప్పాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నాన్చాడు. కుర్చీలయితే ఎంత విరిగినా ముట్టుకుంటాడు, ఇలాంటివి మాత్రం ముట్టుకోడు.

శిక్షణ మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం, ఇన్నేళ్లు ముట్టుకోని కుంటి కుర్చీని తిరగేశాడు. ప్రభుత్వం వాళ్లు వస్తుంటే మన షెడ్డులో కుర్చీ కుంటితే పరువేం కావాలి అన్నాడట. చెక్కముక్క చిత్రిక పట్టి, జిగురు పెట్టి, మేకు దించి, పైనుంచి కిందదాకా వార్నీషు కొట్టాడు. అతుకు ఎక్కడుందో కళ్లజోడు పెట్టుకున్నా కనపడదు.

నానమ్మ చూసి, "బాగానే ఉంది. రేపు ఆఖర్న వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?" అంది.

తాత వార్నీషు డబ్బాకి మూత పెట్టాడు.

మర్నాడు కొత్త ప్లాస్టిక్ కుర్చీలు వరసలుగా వేశారు. మెరుస్తున్న చెక్క కుర్చీ శిక్షకుడికి. ఆయన అందులో హాయిగా వెనక్కి వాలాడు. అందరూ సర్దుకున్నాక, ఎప్పట్లాగే ఆఖర్న వచ్చింది లేటమ్మ. గుమ్మంలో నిలబడి తన కుర్చీ కోసం చూసింది.

నువ్వు ఈ బ్యాచ్‌లో ఉన్నావా అమ్మా అని శిక్షకుడు మర్యాదగానే అడిగాడు. అందరూ తాత వైపు తిరిగారు.

"లేదండీ. ఎదురింటి అమ్మాయి. ఊరికే చూడ్డానికొచ్చింది" అన్నాడు తాత.

"అవునండీ. చూసేశాను" అని వెళ్లిపోయింది లేటమ్మ.

ఏడాది శిక్షణ దండగేం కాలేదు. మాట్లాడమంటే వెనక వరుసకి జారుకునే మా చిన్నాన్న అక్కడే మైకు పట్టడం నేర్చుకున్నాడు, ఇప్పటికీ వదలడం లేదు. ఇంకొకాయన ఏదో సంఘానికి కార్యదర్శి అయ్యాడు. కానీ నిధులు ఆగిపోయిన సాయంత్రం నుంచి షెడ్డుకి ఎవరూ రాలేదు. అందరూ నాయకులైపోయాక చీపురు పట్టేదెవరు? ఎదుటి వరుస వాళ్లు లేటమ్మ వెనకే ఎప్పుడో మానేశారు. బీడీ కూడా ఎవరిది వాళ్లు కాల్చుకోవడం మొదలుపెట్టారు.

తర్వాతి ఏళ్లలో మా ఇంటి కుళాయిలు పాడైనన్నిసార్లు ఏ ఇంట్లోనూ పాడై ఉండవు. తాతే తిప్పి తిప్పి పాడుచేసేవాడు. ప్లంబరు వచ్చి బిగించి వెళ్లేవాడు. అమ్మాయి ఎలా ఉంది అని తాత అడిగేవాడు. బాగుంది అనేవాడాయన. అసలు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. నేరుగా అడిగితే కుళాయి వాషర్లయినా మిగులుతాయి కదా అని నానమ్మ దెప్పేది.

పోయిన నెల తాత రంపం తీసి ఆ కుర్చీ అతుకు కోసేశాడు. రంపం జారి కాస్త ఎక్కువే తెగింది, ఇదివరకటికంటే ఘోరంగా కుంటుతోంది. పాత జట్టుని ఆదివారం సాయంత్రం రమ్మన్నాడు. లేటమ్మ దగ్గరికి ఎవరినీ పంపకుండా తానే వెళ్లాడు. ఆవిడ ఇప్పుడు మున్సిపాలిటీలో నీటి సరఫరా చూస్తోంది. చేతికింద బోలెడుమంది మగవాళ్లు.

ఆదివారం అందరికంటే ముందు ఆవిడే వచ్చింది. మామూలు కుర్చీలో కూర్చుంది. తాత మొహం వాడిపోయింది.

"నువ్వెప్పుడూ ఆఖర్న కదమ్మా వచ్చేదానివి" అన్నాడు.

"ఉద్యోగం అలవాటు తాతగారూ" అంది. ఒకప్పుడు తాతా, నువ్వు అనేదట.

మా చిన్నాన్నా ఇంకో ఇద్దరూ వచ్చారు. తాత టీ తేవడానికి లోపలికి వెళ్లొచ్చేసరికి కుంటి కుర్చీ ఒక్కటే ఖాళీ. అది చూసి చిన్నాన్న నవ్వబోయి ఆగాడు. తాత టీ పళ్లెం కింద పెట్టి, ముందుకి వంగి, జాగ్రత్తగా అందులో కూర్చున్నాడు. కుర్చీ కటకటమని ఒరిగింది. ఆ పూటకి పెద్ద ఆయనే, మాట్లాడక తప్పదు.

"ఆ రోజు నువ్వు చూడ్డానికి రాలేదమ్మా. నడిపించడానికొచ్చావు. నాకు తెలిసే అలా అన్నాను."

ఆవిడ టీ గ్లాసు చేతిలో తిప్పింది.

"మీకు తెలుసని నాకూ తెలుసు. తెలియక అన్నారనుకుంటే మర్నాడే వచ్చేదాన్ని."

టీ మొత్తం తాగింది. గ్లాసు తనే కడిగి బోర్లించింది. నానమ్మ మోకాళ్ల నొప్పి సంగతి అడిగి, పొద్దుపోతోందని చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాతి ఆదివారం రాలేదు, మొన్న ఆదివారమూ రాలేదు.

తాత మాత్రం ఆదివారం సాయంత్రం కుర్చీలన్నీ గుండ్రంగా వేసి, లోపలికి వెళ్లి, కావాలనే ఆలస్యంగా వస్తున్నాడు. కుదురుగా కూర్చోవడం తెలియని మనిషి, వెనక్కి వాలకుండా, ఆ కుర్చీలోనే చీకటిపడేదాకా కూర్చుంటున్నాడు. నానమ్మ కూడా ఇప్పుడు ఎగతాళి చేయడం లేదు.