పై వరుస బస్తాలు

నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. శాంపిల్ అంటే ఏమిటో చెప్పడానికి చాలా ఏళ్లు నా దగ్గర ఒకటే ఉదాహరణ ఉండేది: అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. పిల్లలు నవ్వుతూ రాసుకునేవాళ్లు. ఎసట్లో బియ్యమంతా ఒకే నీళ్లలో కలిసి తిరుగుతుంది కాబట్టే ఆ మెతుకును నమ్మవచ్చు. ఆ సంగతి నేను వాళ్లకు చెప్పలేదు. ఎందుకంటే ఎప్పుడూ ఆలోచించలేదు.

మా అన్న ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో సేద్యం చేస్తాడు. నల్లరేగడిలో శనగ. వానలు వెనకబట్టాక నేలలో మిగిలిన పదును మీదే విత్తాలి. మొలవకపోతే మళ్లీ విత్తే వీలుండదు. పదును ఆరిందా, ఆ ఏడు అంతే. రెండేళ్ల కిందట, విత్తనానికి దాచిన శనగలు ఏ మాత్రం మొలుస్తాయో చూసిపొమ్మని అన్న పిలిచాడు.

విత్తనాల గదిలో నేలంతా బేతంచెర్ల బండలు. ఆ ఏటి వానలకు బండలు చెమ్మగిల్లి ఉన్నాయి. గోడవారగా నిలువెత్తు బస్తాలు. నేను కాలేజీ బట్టల్లో ఉన్నాను, సాయంత్రం బస్సు పట్టుకోవాలి. చేతికందిన పై వరుస బస్తాలు విప్పి గుప్పెడు గుప్పెడు తీశాను.

“కింద బస్తాల్లో తీయవా?” అన్నాడు అన్న.

“అన్నీ ఒక చేనువే గదన్నా. చాల్లే.”

“దించాలంటే చొక్కా మాస్తాదని చెప్పు.”

పక్క చేను కౌలుకు చేసే మనిషి అప్పుడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మాకు చుట్టరికం లేదు. అయినా నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటాడు.

“ఏం అల్లుడా, కాలేజీలో శనగలు లెక్కబెట్టేది గూడా నేర్పిస్తాండారా?”

“నీ మాదిరి అందాజుగా విత్తేటోళ్ల కోసరమే మామా.”

నూరు గింజలు తడి గోనెపట్టాలో చుట్టి, ఆరనివ్వొద్దని వదినకు చెప్పి వచ్చేశాను. కొన్ని రోజులకు అన్న ఫోన్ చేశాడు. తొంభై నాలుగు మొలిచాయి. ధైర్యంగా విత్తుకోండి అన్నాను. ఆ మాట ఊళ్లో పాకింది. మామ అంగడి విత్తనం మానేసి మా బస్తాలే అడిగాడు.

విత్తే రోజు నేనూ వెళ్లాను. పై బస్తాలు మా చేనుకే సరిపోయాయి. మామ కోసం కింద వరుస తీశారు. మూతి విప్పగానే ముక్కిన వాసన. గోనె అడుగున నల్లగా ఉంది. చెయ్యి పెడితే గింజలు చల్లగా తగిలాయి. ఏ గింజకైనా చేతికందే అవకాశం సమానంగా ఉండాలని బోర్డు మీద ఎన్నోసార్లు రాశాను. ఈ గింజలకు నేను ఆ అవకాశమే ఇవ్వలేదు.

“ఏందీ, అట్ల చూస్తాండావ్? బాగుండాయా లేదా?” అన్నాడు మామ.

బయట ట్రాక్టర్ ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. ఇవి వద్దు మామా, నంద్యాల పోయి వేరే తెచ్చుకో అనడానికి ఒక్క క్షణం పట్టేది. తెచ్చుకోవడానికి పూట చాలు, పదును అంతవరకూ ఆగేది. కానీ అలా అంటే నా తొంభై నాలుగు అబద్ధమవుతుంది.

“బాగుండాయి మామా” అన్నాను.

ఆ తర్వాత అన్న ఫోన్ వస్తే ఎత్తడానికి భయమేసేది. మన చేను లేచిందిరా అన్నాడు. మామది ఇంకా లేవలా అన్నాడు. మరుసటి రోజూ అదే మాట అన్నాడు. క్లాసులో సుద్దముక్క పట్టుకుని నిలబడితే ఆ నల్లటి చేనే కళ్ల ముందు కనబడేది.

ఆదివారం పోయాను. గట్టుకు ఇవతల పచ్చటి సాళ్లు. అవతల ఏమీ లేదు. నేల అప్పటికే నెర్రెలివ్వడం మొదలైంది. మామ సాలులో కూర్చుని వేలితో తవ్వి ఒక గింజను నా అరచేతిలో పెట్టాడు. నొక్కితే జిగటగా చితికింది.

“నూటికి ఆరు పోతాయంటివి గదా అల్లుడా. ఆ ఆరూ నా పాలికే వచ్చిండాయి. నా రాత.”

ఒక చేనుకు చేనే ఆ ఆరులో పడదని మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలుసు. నేను తల ఊపాను.

“ఒక్కోసారి అట్ల అయితాది మామా.”

ఆయన లేచి నా భుజం తట్టాడు. “నువ్వేం జేస్తావ్‌లే. బాధపడాకు.”

నా చదువును ఆ రోజు వాడినంత నీచంగా మరెప్పుడూ వాడలేదు. మామ కౌలు వదులుకుని బేతంచెర్లకు, బండలకు పాలిష్ పట్టే పనికి పోయాడు. ఇప్పుడు ఆ చేను మా అన్నే కౌలుకు చేస్తున్నాడు.

మొన్న అన్న ఫోన్ చేశాడు.

“విత్తనాలు చూడల్ల, రారా. ఊర్లో ఇంకా నలుగురు వాళ్లవి గూడా నువ్వే చూడల్లంటాండారు. నువ్వు జూసిన గింజకు తిరుగుండదంట.”

“ముందు బేతంచెర్ల పోయొస్తాన్నా.”

“ఆడేం పని?”

“మామకు ఒక మాట చెప్పల్ల. ఆయన రాత గాదు, నాదే తప్పని.”



“ఇప్పుడా మాట ఎందుకురా?” అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. “ఆ చేను నేను చేస్తాండా గదా.”

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. రేపు పొద్దున బస్సుకు బేతంచెర్ల పోతున్నాను.