లేవమాకండి టీచర్!

ఆ రోజుల్లో నాకు "రాదు" అనే మాట నోటికి వచ్చేది కాదు. ఎవరేం అడిగినా "వచ్చండి" అనేసి, తర్వాత నేర్చుకోవచ్చులే అనుకునే వయసది. దానికి తోడు ఒక్కచోట కూర్చోలేని జబ్బొకటి. అన్నం తింటూ మూడుసార్లు లేచేదాన్ని. బీఈడీ అయిన ఏడాదే అద్దంకి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. నెల తిరక్కుండానే పెద్ద టీచరుగారు (పేరుకు తగ్గ మనిషి, మనిషికి తగ్గ గొంతు) పిలిచి, "స్కౌట్స్ ఆడపిల్లల్ని గుండ్లకమ్మ రిజర్వాయరు దగ్గర పడవల క్యాంపుకి తీసుకెళ్ళాలమ్మా. తెడ్డు వెయ్యడం వచ్చా నీకు?" అని అడిగారు. వచ్చండి అన్నాను. అప్పటిదాకా నేనెక్కిన పడవ ఒక్కటే. అది పార్కులో కాళ్ళతో తొక్కే బాతు పడవ.

క్యాంపులో ఆరు కెనూలున్నాయి. కెనూ అంటే ఇద్దరు పట్టే సన్నటి పడవ, గట్టిగా తుమ్మినా ఊగుతుంది. పిల్లలు పదకొండు మంది, పన్నెండోదాన్ని నేను. నేర్పడానికి వచ్చిన మాస్టారు చీరాల వైపు మనిషి. బక్కపల్చగా ఉండి, మాటకీ మాటకీ మధ్య ఒక టీ తాగొచ్చేంత వ్యవధి ఇచ్చేవారు. మొదటిరోజంతా పిల్లల్ని ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, గాల్లోనే తెడ్డు వేయించారు. ఆ నిదానం నేను భరించలేకపోయాను. కాసేపు గుడారం తాళ్ళు బిగించాను, కాసేపు అరటిపళ్ళు లెక్కపెట్టాను, కాసేపు ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం గట్టంతా తిరిగాను. "మేడమ్‌కి ఎట్లాగూ వచ్చుగా" అని ఆయన నన్ను పట్టించుకోలేదు.

రెండోరోజు పొద్దున్నే అవతలి ఒడ్డుకు ప్రయాణం, వంట అక్కడే. నా పడవలో ఎనిమిదో తరగతి పిల్ల ఎక్కింది. ప్రతిదానికీ ప్రశ్న వేస్తుందని అందరూ దాన్ని లాయరు అనేవాళ్ళు. దాన్ని ముందు కూర్చోబెట్టి, పడవ తిప్పాల్సిన వెనక చోట దర్జాగా నేను కూర్చున్నాను. "అందరూ కలిసి రండి, మలుపు దగ్గర ఆగండి" అని మాస్టారు వెనక తన చిన్న పడవలోంచి చెబుతూనే ఉన్నారు. ఆగడం నా వల్ల అవుతుందా? బలమంతా పెట్టి తెడ్డు వేసి, మలుపు దాటేశాను.

"టీచర్, మీరెందుకండీ ఎప్పుడూ ఎడం పక్కే వేస్తారు?" అంది లాయరు.

"అది నా పద్ధతి."

"మరి మనం కుడి పక్కకి పోతన్నామేంటండి?"

"గాలి."

"గాలి ఎదురుగా వస్తందండి."

అంతలోనే పడవ వెళ్ళి నీళ్ళలో సగం మునిగిన తుమ్మచెట్ల మధ్య ఇరుక్కుంది. నా చున్నీ ముల్లుకు తగులుకుంది. వెనక్కి చూస్తే మిగతా పడవలు కనిపించలేదు. చూద్దామని ఠక్కున లేచాను. పడవ ఒరిగి, చల్లటి నీళ్ళు గబుక్కున లోపలికి వచ్చాయి.

"కూర్చోండి టీచర్! లేవమాకండి! కదిలారంటే ఇద్దరం పోతాం!"

అమ్మ కూడా నన్ను అలా కసరలేదు. చతికిలబడి, రెండు అంచులూ పట్టుకున్నాను. లైఫ్ జాకెట్లున్నాయి, నిజమే, కానీ గుండెకు ఆ సంగతి తెలియదుగా! "నాకు ఈత రాదే" అన్నాను.

"తెడ్డు?"

"అదీ రాదు."

లాయరు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ముళ్ళ వంక చూసి, "నాకు వచ్చండి, నిన్న నేర్పారుగా" అంది. "మీరూ మెల్లిగా వెనక్కి తిరగండి, నేనూ తిరుగుతా. అప్పుడు నా వైపే వెనక అవుద్ది. నేను కుడి అంటే కుడి, ఆపంటే ఆపు." అంగుళం అంగుళం జరుపుకుంటూ అటు తిరిగాను. చున్నీ ముల్లుకే వదిలేశాను. ఒడ్డున మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ళలో ఒకావిడ నడుం ఎత్తి, "ఏందమ్మా, తుమ్మకంపలో చేపలు పడతన్నారా?" అని కేకేసింది. ఇంకొకావిడ, "ఆ పిల్ల చెప్పినట్టు ఇను తల్లీ, బయటపడతావు!" అంది. విన్నాను. కుడి అంటే కుడి, ఆపంటే ఆపు.

మలుపు దగ్గర మిగతా పడవలన్నీ ఆగి ఉన్నాయి. మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఎటు పోయారు మేడమ్?" అన్నారు. దారి చూసొచ్చామని నాలుక చివరి దాకా వచ్చింది. పిల్లలందరూ నన్నే చూస్తున్నారు. లాయరు మాత్రం తల వంచుకుని తెడ్డు తుడుచుకుంటోంది, నేనేం చెప్పినా కాదననన్నట్టు. అది చూశాక అబద్ధం రాలేదు.

"నాకు తెడ్డు వెయ్యడం రాదండి. నిన్న మీరు చెబుతుంటే వినలేదు. ఈ పిల్లే తీసుకొచ్చింది."

పిల్లలు పక్కున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "రాకపోతే తప్పేం లేదమ్మా," అని ఎప్పటిలాగే చాలాసేపు ఆగి, "వచ్చని చెప్పి పిల్లనెక్కించుకున్నారే, అది తప్పు" అన్నారు. తిట్టినా అంత తగిలేది కాదు.

అవతలి ఒడ్డున వంట ఆలస్యమైంది. అన్నం ఉడికేలోపు మాస్టారు నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి మొదటి పాఠం నుంచి చెప్పారు. పదకొండు మంది పిల్లలు చుట్టూ చేరి నా భుజం సరిచేసేవాళ్ళు, మోచెయ్యి సరిచేసేవాళ్ళు. తిరుగు ప్రయాణంలో లాయరు వెనక, నేను ముందు. ఒడ్డు చేరేదాకా కూర్చున్న చోటు నుంచి ఒక్కసారి కూడా కదల్లేదని దిగాక గానీ నాకు తెలియలేదు.

ఇప్పటికీ ఆ వైపు బస్సులో పోతుంటే నీళ్ళు కనిపించగానే మెడ చాచి చూస్తాను. ముందు ఒళ్ళు జలదరిస్తుంది, ఆ పిల్లకేమైనా అయ్యుంటే అని. తర్వాత నవ్వొస్తుంది. అందరినీ వెనక వదిలేసి, ఆనాటి ఈ టీచరమ్మ అంత హడావుడిగా ఎక్కడికి పోదామనుకుందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాదు.