ఎండకు వంగిన యుద్ధపు బండి

రెండో ప్రపంచ యుద్ధంలో దెబ్బతిన్న ట్యాంకులను లాక్కొచ్చిన బండికి రెండేళ్లుగా చిన్న నమూనా చేస్తున్నాను. ప్లాస్టిక్ షీటును ముక్కలుగా కోసి, ఒక్కొక్కటీ అతికించాను. ఈ సాయంత్రం డ్యూటీ దిగి భూపాలపల్లిలోని నా అద్దె గదికి వచ్చేసరికి అది డాబా మీద ఉంది. పైభాగం ఎండకు అప్పడంలా వంగిపోయింది. చక్రాలు ఊడి పక్కన పడ్డాయి.

నా గది ఊడ్చిపెట్టే ఇంటి యజమానురాలు, అవ్వ, ఎదురొచ్చింది. "దుమ్ము వట్టిందని సబ్బు వెట్టి కడిగి, ఎండల ఆరవెట్టిన బిడ్డా. గిది మొదటి సంది గిట్ల వంకరగనే ఉన్నదా?"

"మొదటి సంది గట్లనే ఉన్నదవ్వా," అన్నాను.

ఆమె నిశ్చింతగా కిందికి వెళ్లింది. మళ్లీ మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. ముక్కలన్నీ అట్టపెట్టెలో వేసి మంచం కిందికి తోశాను. మీరైతే అవ్వకు నిజం చెప్పేవారా?